విశ్రాంతికి కావలి యెవరు?

పరదేశమున నొక సముద్రతీరమునకు బోయి, భార్యాబిడ్డలతో పది దినములు ఏ పనియు లేక కూర్చుండి వచ్చుట మన పెద్దలకు మనస్కరించు సంగతి కాదు. తీర్థయాత్రకు పుణ్యము ఫలము. పెండ్లిపయనమునకు బంధుధర్మము కారణము. వేసవిలో పిల్లలను తాతగారి యింటికి బంపుటకు తరతరముల యాచారము గలదు. ఊరక విశ్రమించుటకై మూటముల్లె గట్టుకొని బయలుదేరుట సోమరితనమునకు బెట్టిన గౌరవనామమని తలంచువారు నేటికిని గలరు. మేము వారితో నేకీభవింపము. ఏడాది పొడవునను కచేరీలలోను, సాగుబడి చిక్కులలోను, వ్యాజ్యములలోను నలిగిన గృహస్థునకును, వంటయింటినుండి యొక్కపూటయైన సెలవెరుగని గృహిణికిని విశ్రాంతి యాహారము వంటిదే. అయితే అది రూకలిచ్చి బజారున గొనదగిన సరకు గాదు. ఎవరో యొకరు ఒకచోటును కాపాడి యుంచినగాని అది దొరకదు. టర్కీదేశమున ఏజియను సముద్రతీరముననున్న అక్యాకా యను చిన్న యూరు ఈ సంగతిని చక్కగా తేటపరచుచున్నది.

టర్కీ పేరు మన పాఠకులకు క్రొత్త గాదు. 1919 మొదలు 1924 వరకు ఖిలాఫతు సభలలో ఆ పేరు మార్మోగినది. ఏ ఖిలాఫతుకై మన దేశమున జనులు చెఱసాలలకు బోయిరో దానిని 1924 మార్చిలో తురుష్కులే స్వయముగా రద్దుచేసికొనుట చరిత్రలోని వింతలలో నొకటి. నేడా దేశమునకు లోకము వెళ్లుచున్నది ఖలీఫాను జూచుటకు గాదు, ఎండనుభవించుటకు. ఒక్క 2024వ సంవత్సరమున నైదుకోట్లకు మించిన విదేశీయులు ఆ దేశమున అడుగుపెట్టిరి. వీరిలో పెక్కురు ఇస్తాంబులు నగరమునకో, అంతాల్యా తీరముననున్న మహాహోటళ్లకో పోవుదురు. ఆ హోటళ్లలో కుటుంబమునకు చేతికొక పట్టీ కట్టెదరు. ఆ పట్టీ యున్నంతకాలము తినుట, త్రాగుట, ఈదుట అన్నియు ప్రహరీలోపలనే జరుగును. సముద్రము ప్రక్కనే యుండగా సిమెంటు తొట్టిలో నీదెదరు. వారమైన పిమ్మట తిరిగి వచ్చినవానిని ఆ దేశమువారి భాషలో "మంచినీళ్లు" అను మాట యేమని యడిగిన చెప్పజాలడు. ఇట్టి పయనమును మేము నిందింపబోము. దానిని విశ్రాంతి యనుటకు మాత్రము మనసొప్పకున్నది.

అక్యాకా తీరు వేరు. ముగ్లా పట్టణమునుండి దక్షిణముగా బోవు బాట సకార్ అను కనుమను జేరును. సముద్రమట్టమునకు 670 మీటర్ల యెత్తుననున్న ఆ కనుమ మలుపున క్రిందికి జూచినచో గోకోవా మైదానమంతయు పళ్లెములో బెట్టినట్లు కానవచ్చును. పడమటి వైపున గోకోవా అఖాతము కొండల నడుమ సుమారు నూరు కిలోమీటర్ల పొడవున జొచ్చుకొని వచ్చి, ఆ మైదానపు టంచున ఆగిపోయినది. అది యాగిన చోటనే, దేవదారుజాతి చెట్లు గల కొండకు వెన్నానించుకొని, అక్యాకా యున్నది. మైదానమున రెండు వరుసల యూకలిప్టసు వృక్షముల మధ్య నొక పాత బాట గలదు. మలేరియాజ్వరమునకు నిలయమైన చిత్తడిని ఆరబెట్టుటకై ఆ చెట్లను నాటిరి. నేడు నవదంపతులు వాని క్రింద ఛాయాచిత్రములు దీయించుకొనుచున్నారు. ఔషధముగా నాటినది అలంకారముగా మిగిలినది.

ఊరికి ప్రాణము వంటిది అజ్మక్ అను ఏరు. కొండపాదమున ఊటలుగా బుట్టి, రెండు కిలోమీటర్లయినను బోకమునుపే సముద్రమున గలిసిపోవును. మండువేసవిలో గూడ దాని నీరు మంచువలె చల్లగా నుండును. అడుగున నూగులాడు నాచుతీగలు, వాని నడుమ దిరుగు చేపలు, పైనున్న పడవలోని పిల్లవానికి అద్దములో వలె కనిపించును. ఏటి యొడ్డున భోజనశాలలు గలవు. కొన్నిట బల్లలు నీటియంచుననే యుండుటచే భోజనము సేయుచు కాళ్లను నీటిలో వ్రేలాడవేయవచ్చును. బాతులు వచ్చి రొట్టెముక్కలకై నిలిచియుండును.

ఇట్టి యూరిలో ఒక కుటుంబము దినమును గడపు విధము చెప్పుటకు పెద్ద కథ లేదు. అందులోనే దాని సుఖమున్నది. ఉదయమున బసగృహమువారు రొట్టె, జున్ను, ఆలివుకాయలు, టమాటా, దోసకాయ, తేనె బల్లమీద బెట్టి, నడుము సన్నని గాజుగ్లాసులలో పాలు లేని తేనీరు పోయుదురు. ఆ తేనె కథ వినదగినది. ముగ్లా మండలమున తేనెటీగలు పువ్వులనుండి గాక, చీడచెట్లపై — అనగా నొక చిన్న పురుగు పట్టిన పైను వృక్షములపై — ఆ పురుగు స్రవించు తీపిరసమును గ్రహించి తేనె చేయును. రంగు నలుపు, రుచి ఘాటు. తేనెకు పువ్వే మూలమని నమ్మినవారికి మొదట నమ్మిక కుదరదు. తరువాత పిల్లలు సముద్రమునకు బోవుదురు. ఒడ్డున చాలదూరము లోతు లేదు గనుక తల్లులకు బెంగ లేదు. మధ్యాహ్నము దాటగనే పడమటి గాలి లేచును. ఆ గాలిని నమ్ముకొని ఏటి ముఖద్వారమున కావల యువకులు పెద్ద గాలిపటములకు నడుము గట్టుకొని పలకలపై నిలిచి నీటిమీద పరువులిడుదురు. చూచువారికి ఖర్చు లేని వినోదము. పెద్దలు చెట్లనీడను నిద్రింతురు. శాకాహారులకు భయము లేదు. ఆకుకూర నించి కాల్చిన పలుచని గోజ్లెమె రొట్టె, ఆలివునూనెతో వండి చల్లార్చిన కాయగూరలు, గట్టి పెరుగు ఎల్లెడల దొరకును. కారమునకు మాత్రము మనవారు తమ పొట్లము తాము వెంట దీసికొని పోవుట మేలు. సాయంకాలము మరల అజ్మక్ యొడ్డు. చూడదగిన కట్టడములు చాల లేవు. ఇదిమా అను ప్రాచీన నగరమువారు కొండరాతిలో దొలిచిన సమాధులు సమీపమున గలవు, అవి యొక ఉదయమునకు చాలును. నాల్గవ దినమునకు గృహస్థునికి వార్తాపత్రిక జ్ఞాపకము రాదు. మేము పత్రికలవారమయ్యు ఈ మాట సంతోషముగనే వ్రాయుచున్నాము.

ఇది ప్రకృతి యిచ్చిన వరమని యాత్రికుడు తలంచును. ప్రకృతి ఇంతకంటె నెక్కువ యిచ్చిన తీరములు ఆ దేశముననే పెక్కు గలవు. వానిలో ననేకము నేడు కాంక్రీటు గోడల వెనుక దాగియున్నవి. 1982లో ఆ దేశ ప్రభుత్వము పర్యాటక ప్రోత్సాహక శాసనము నొకదానిని జేసి, తీరభూములను హోటలు కట్టువారికి దీర్ఘకాలపు కౌలుకిచ్చు మార్గము తెరచినది. ఆ యలలో అక్యాకా కొట్టుకొనిపోకుండుటకు కారణము వెదకినచో, తొలుత నొక పాత్రికేయుడు మనకెదురగుచున్నాడు.

అతని పేరు నాయిల్ చాకిర్‌హాన్. 1910లో అక్యాకాకు సమీపముననున్న ఊలా పట్టణమున జన్మించెను. కవి, మహాకవి నాజిమ్ హిక్మత్‌తో గలిసి 1930లో నొక పద్యసంపుటిని ప్రకటించెను. పత్రికలలో బనిచేసెను, తన భావములకై కారాగారవాసము ననుభవించెను. అతని భార్య హాలెత్ చాంబెల్ ప్రాచీనశిల్పావశేషముల శోధనలో ప్రఖ్యాతురాలు. ఆమె 1936లో బెర్లిను ఒలింపిక్ క్రీడలలో ఖడ్గయుద్ధమున బాల్గొని, హిట్లరునకు బరిచయము సేయుదుమని పిలిచినప్పుడు వెళ్లుటకు నిరాకరించినది. కరాతెపె యను చోట ఫినీషియను భాషలోను, లువియను చిత్రలిపిలోను ఒకే విషయము జెక్కిన శాసనములు గలవు. వానిని వెలికిదీసినవారిలో నామె యొకతె. ఆ శిలలను స్థలమునుండి కదల్పక అచ్చటనే కప్పులు గట్టి కాపాడు పని చాకిర్‌హాన్ మీద బడినది. వాస్తుకళ చదువని కవి ఆ విధముగా కట్టడపు పనిలో దిగెను.

1970 ప్రాంతమున నతడు అక్యాకాలో తనకొక యిల్లు గట్టుకొనెను. ఇంజనీరును బిలువలేదు, స్థానికులగు వడ్రంగులను బిలిచెను. ఊలా పాతయిండ్లలో తాను చిన్ననాట జూచిన తీరుననే, నడుమ నొక పెద్ద చావడి, దాని కిరుప్రక్కల గదులు, నగిషీ చెక్కిన కొయ్య మిద్దెలు, ఎండవానలను దూరమున నిలుపు వెడల్పైన చూరులు గల సున్నపుగోడల గృహమది. వడ్రంగము మరచిపోవుచున్న వడ్రంగులకు ఆ యింటితో మరల చేతినిండ పని దొరకెను. 1983లో ఆ యింటికి ఆగాఖాన్ వాస్తుకళా బహుమానము వచ్చెను. వెంటనే ఆ దేశపు వాస్తుశాస్త్రజ్ఞులలో గలవరము బుట్టినది. పట్టా లేనివానికి, పాతపద్ధతిని తిరిగి కట్టినవానికి ఈ గౌరవమేమని పలువురు వాదించిరి. వారి వాదము బొత్తిగా తోసివేయదగినది గాదు. గతమును కాపీ చేయుట కళ గాదనుట నిజమే. కాని ఆ యింటి ఫలితమును వారు కాగితముమీద గాక ఊరిలో జూడవలసినది. ఒక యిల్లు జూచి మరియొక యిల్లు, తరువాత వీథి, క్రమముగా ఊరంతయు ఆ తీరున లేచినది. 1992లో అక్యాకాకు పురపాలకసంఘ మేర్పడిన పిమ్మట ఊరి కట్టడములకు ఆ తీరే ఒరవడియైనది: రెండంతస్తుల గృహము, కొయ్యవసారా, వాలుకప్పు. చాకిర్‌హాన్ 2008లో తొంబదియెనిమిదేండ్ల వయసున గతించెను.

ఈ యూరివారు 2011లో చిట్టాస్లో అను సంఘమున జేరిరి. "నిదానపు పట్టణములు" అని దానిని మనము పిలువవచ్చును. 1999లో ఇటలీలో బుట్టిన ఆ సంఘమునకు చిహ్నము నత్త. జనసంఖ్య ఏబదివేలకు మించని యూళ్లు, రొదను తగ్గించెదమని, స్థానికపు తిండిని, చేతిపనులను నిలుపుకొనెదమని యొప్పుకొని అందు జేరుదురు. ఇట్టి చిహ్నములయందు మాకు మిక్కుటమగు నమ్మకము లేదు. నత్తబొమ్మ బలకపై నెక్కిన మరునాటినుండి దానిని జూచుటకే కారులు బారులు దీరును. ఆగస్టు నెలలో అక్యాకా వీథులలో కారు నిలుపుటకు చోటు దొరకదు. నెమ్మదితనము ప్రకటనయైనచో నెమ్మదితనమే ముందు పోవును. కుటుంబముతో బోదలచినవారు మే నెలలోనో, సెప్టెంబరు చివరనో పోవుట తమకును, ఊరికిని మేలు.

చిహ్నముకంటె మాకు సముద్రమున జరిగిన పని యెక్కువ మెప్పు గలిగించినది. 1988లోనే గోకోవా ప్రాంతమును ప్రత్యేక పర్యావరణ రక్షణమండలముగా ప్రభుత్వము ప్రకటించినను, చేపలు నానాటికి క్షీణించుచునే యుండెను. 2010లో అఖాతములో నారుచోట్ల చేపలు పట్టుట పూర్తిగా నిషేధింపబడెను. తమ వలలు పడవలసిన చోటులను తామే వదలుకొనుటకు జాలరులు మొదట జంకిరి. జంకకుండుటెట్లు? రేపటి చేపకై నేటి కూడు వదలుకొమ్మని చెప్పువాడు సాధారణముగా కడుపు నిండినవాడే. అయితే ఇచ్చట కావలి పనికి స్థానికులనే కుదిర్చిరి. వారికి జీతము, పడవ యిచ్చిరి. కొలది యేండ్లలో ఆ చోటుల చేపలు పెరిగి పొంగి వెలుపలి నీళ్లకు వచ్చెను. జాలరుల రాబడి హెచ్చెను. భర్తలతో సమముగా వల లాగు స్త్రీలు ఈ తీరమున గలరు. ఈ కార్యమునకు బూనుకొన్న జఫర్ కిజిల్‌కాయాకు 2023లో గోల్డుమాన్ పర్యావరణ బహుమానము వచ్చినది. యాత్రికుని పళ్లెమున బడు చేప వెనుక ఇంత కథ యున్నది.

కావలి లేనిచో నేమగునో తెలియుటకు దూరము పోనక్కరలేదు. అదే యఖాతపు ముఖద్వారమున ఉత్తరపు గట్టున బోద్రుం గలదు. హెరొడోటసు పుట్టిన హలికర్నాసస్ అదియే. 1925లో జెవాత్ షాకిర్ అను రచయితను, సైన్యమునుండి పారిపోయినవారికి విధించు మరణశిక్షను గూర్చి వ్రాసిన యొక కథనమునకై, అంకారాలోని స్వాతంత్ర్య న్యాయస్థానము మూడేండ్లు బోద్రుములో నిర్బంధవాసమునకు బంపినది. విదేశీయుల పాలననుండి దేశమును విడిపించినవారే, "స్వాతంత్ర్య" శబ్దమును న్యాయస్థానమునకు బేరు పెట్టి, పాత్రికేయుని ద్వీపాంతరము వంటి తావునకు దరిమిరి! స్వరాజ్యము వచ్చినంత మాత్రమున కలమునకు సంకెల తొలగునని నమ్మువారు ఈ సంగతి నాలోచింతురు గాక. శిక్షగా చూపిన ఊరు అతనికి బ్రియమైనది. శిక్ష ముగిసిన పిమ్మట తిరిగి వచ్చి, "హలికర్నాసస్ జాలరి" యను పేర రచనలు సేసి, ఆ తీరమున క్రొత్త చెట్లు నాటి, మిత్రులను చిన్న పడవలలో ఎక్కించుకొని గోకోవా అఖాతమున దిప్పెను. "నీలియాత్ర" యని నేడు పర్యాటకులకు అమ్మబడు నౌకావిహారము అట్లు పుట్టినదే. ఆనాడు రొట్టె, జున్ను, పుస్తకములు పడవలోని సామగ్రి.

ఆ రచనలు జదివి ముచ్చటపడి వచ్చినవారే బోద్రుమును నింపివేసిరి. అచ్చటను నియమములు లేకపోలేదు; ఇండ్లు తెల్లగా, రెండంతస్తులకు లోబడి యుండవలెనన్న కట్టడి యున్నది. దానివలన కొండలు ఎత్తైన మేడలతో గాక తెల్లని పెట్టెలతో నిండినవి. నియమము ఎత్తును ఆపినది, సంఖ్యను ఆపలేకపోయినది. అక్యాకావారు తమ కొయ్యవసారాలను జూచి మురియునపుడు ఈ పొరుగూరిని మరువరాదు.

ఆ యఖాతముననే, ఉత్తరతీరమున ఓరెన్ యొద్ద, కెమెర్‌కోయ్ ఆవిరియంత్రాగారము విద్యుత్తు బుట్టించుటకై లిగ్నైటు బొగ్గును గాల్చుచున్నది. 1996లో ఐదిన్ పరిపాలనా న్యాయస్థానము దానిని నిలిపివేయుమని తీర్పుచెప్పగా, అదే సంవత్సరమున మంత్రివర్గము దానిని నడుపుటకే తీర్మానించెను. న్యాయవాదులు ఐరోపా మానవహక్కుల న్యాయస్థానమునకు బోయిరి. 2005 జులైలో ఆ న్యాయస్థానము, స్వదేశపు తీర్పులను అమలు జరుపకుండుటచే ఆ ప్రభుత్వము న్యాయవిచారణ హక్కును భంగపరచినదని నిర్ణయించినది. 2021 ఆగస్టులో అడవిమంటలు ఆ యంత్రాగారపు గోడలను దాకినవి. 2023లో దాని బొగ్గుకై అక్బెలెన్ అడవిని నరికినపుడు పల్లెటూరి వృద్ధస్త్రీలు చెట్లకు కాపుగా నిలిచిరి. అక్యాకా తీరమున కూర్చున్న యాత్రికునికి ఇదేమియు గానరాదు. అఖాతము పొడుగు; పొగగొట్టము దూరము.

కొందరు న్యాయముగనే అడుగుదురు: తన పొలము దాను హోటలు కట్టువానికి అమ్ముకొను హక్కు పల్లెటూరివానికి లేదా? పట్టణమునుండి వచ్చి నాలుగు దినములు నిలిచిపోవు మీ విశ్రాంతికొఱకు అతడు శాశ్వతముగా పేదవాడై యుండవలెనా? భూస్వాములైన మా పాఠకులకు ఈ ప్రశ్న బాగుగా తోచును. తన భూమికి వెల పెరుగుట నెవడు కాదనును? కాని లెక్క వేరొకవిధమున జూడవలెను. ప్రహరీలోని హోటలులో యాత్రికుడు సర్వమును లోపలనే గడుపుకొనును; బయటి దుకాణమువానికి దమ్మిడీ రాదు. భూమి అమ్ముకొన్నవాని కొమారుడు ఆ హోటలులోనే వేసవి నాలుగునెలలు పళ్లెములు మోయును. అక్యాకాలో ఆరేడు గదుల బసగృహము నడుపువారు ఆ యూరి కుటుంబములవారే. రొట్టె కాల్చునది ఆ యింటి యిల్లాలు, పడవ నడుపువాడు ఆమె తమ్ముడు. వెల ఒక్కసారి వచ్చుటకును, రాబడి యేటేట వచ్చుటకును గల భేదము వ్యవసాయదారునికి మేము నేర్పనక్కరలేదు.

ఆ నిర్ణయము సేయు నధికారము ఆ యూరివారికి నిలిచినదా యన్నదే యిపుడు చిక్కు. 2012లో అంకారా శాసనసభ యొక చట్టము జేసి, 2014 స్థానిక యెన్నికలనుండి ముగ్లా మండలమంతటిని మహానగర పురపాలకముగా మార్చివేసినది. దేశమున పదునారువేలకు మించిన గ్రామములు ఒక్క కలపుపోటుతో తమ చట్టబద్ధమైన యస్తిత్వమును గోల్పోయి పేటలైనవి. అక్యాకా పురపాలకసంఘము రద్దయ్యెను. ఇరువదిరెండేండ్లు తన యిండ్ల తీరును తానే దిద్దుకొన్న యూరు ఊలాకు నొక పేటగా మిగిలినది. సేవలు విస్తరించును, వ్యయము తగ్గునని ప్రభుత్వపక్షపు సమాధానము. చెత్త యెత్తుటకు, నీటిగొట్టములకు అది కొంతవరకు నిజమై యుండవచ్చును. ఒక యూరి చూరు ఎట్లుండవలెనో ఊరివారే తేల్చుకొనుటకు, నూరు ఊళ్ల ఫైళ్ల నడుమ నెవడో గుమాస్తా తేల్చుటకు పోలిక లేదు. గ్రామస్వరాజ్యమను మాటను గాంధీజీనుండి విన్న జాతికి ఇది విడమరచి చెప్పనవసరము లేదు.

2024 మార్చిలో ఆ దేశమున మరల స్థానిక యెన్నికలు జరిగినవి. అక్యాకా వాసి ఊలా పురపాలకాధ్యక్షునకొక వోటు, ముగ్లా మహానగరాధ్యక్షునకొక వోటు వేసెను. తన పేటకు బెద్దగా ముఖ్తారు అనువానిని గూడ నెన్నుకొనెను. ముఖ్తారు చిరునామా ధ్రువపత్రము నీయగలడు, పైవారికి అర్జీ వ్రాయగలడు. అజ్మక్ యొడ్డున రేపొకడు మూడవ యంతస్తు లేపిన దానిని నిలుపు నధికారము అతనికి లేదు.